ఆరడుగులు

ఇసకపల్లి ఉప్పు కొటార్లలో
పదేళ్లు కూలికి పోయినదాన్ని.
ఇంట్లో ప్యాకెట్ ఉప్పు వద్దన్నారు,
చేప వద్దు, రొయ్య వద్దు, రెండు వారాలు.
కోసిన గొంతులో మిగిలిన ముక్కకి
ఆకలి పుట్టాలంట.

ఆ తర్వాత ఒక్క మాత్ర.
సీసం డబ్బా మూత తీసి
గ్లవుజుల చెయ్యి దూరంగా జరిగింది.
నేను నోట్లో వేసుకున్నా.

ఇంటికొచ్చేసరికి మా అత్త చెంచమ్మ
సుద్దతో గీత గీసి పెట్టింది.
వేరే కంచం, వేరే గ్లాసు.
రెండు గ్లాసుల సంగతి మాకు కొత్తగాదులే,
టీ బంకులో మా నాయన
కడిగి బోర్లించిన గ్లాసు ఇంకా గుర్తే.
ఈసారి మాత్రం
భయపడేది నేను.
దొడ్లో రెండుసార్లు నీళ్లు పోస్తా,
నా గుడ్డలు విడిగా నేనే ఉతుక్కుంటా,
గూడూరు నిమ్మబద్ద చప్పరిస్తా,
చెంబుల కొద్దీ నీళ్లు.

గీత అవతల కస్తూరి, నాలుగేళ్లది:
"అమ్మా, చీకట్లో నువ్వు వెలుగుతావా?"
వెలగను.
కరెంటు పోయినప్పుడు చూసుకున్నా.

ఇయ్యాల పొద్దు వాలేటప్పుడు
వాకిట్లో నిలబడితే
నా నీడ గీత దాటి పోయింది.
పిల్ల దాని పక్కన చతికిలబడి
నా చెయ్యి ఎక్కడుందో వెతికి
అందులో తలపెట్టి పడుకుంది.

ఈగ వాలినా కదల్లేదు నేను,
పొద్దు గుంకిందాకా.