ఎనిమిదో ఇంటి లెంటల్

మా దిక్కు వడ్డీని మిత్తి అంటరు.
చావును గూడ మిత్తి అనేటోళ్లు మా ముత్తాతలు.
రెండింటికీ ఒక్క మాటే ఎందుకైందో
మక్తల్ల బ్యాంకు మెట్ల మీద
ఓ పూట కూసుంటే తెలుస్తది.

జీతం చీటీ ఉందా, అడిగిన్రు ఉసేనమ్మను.
ఆమె రెండు చేతులు చాపింది.
సిమెంటు తిన్న వేళ్లు,
గోర్ల కింద ఇంకా పూణె సున్నం,
పద్నాలుగు అంతస్తులు తట్టల్లో మోసిన నెత్తి.
అవి కాగితాలు కావన్నరు.

మా ట్రస్టు ఆఫీసు రేకుల షెడ్డు.
బీరువా ఒకటి, ఫ్యాను ఒకటి, నేనొకణ్ణి.
ఇల్లు ఇటుకతోని మొదలైతదనుకుంటరు గని
ముందు నా పుస్తకంల మొదలైతది.

నాలుగు లక్షల ఇరవై వేలు ఇంటికి.
ఇరవై వేలు ఇంటోళ్లు తెస్తరు,
కొందరు మేకపిల్లల నమ్మి,
కొందరు ఎట్ల తెస్తరో నేను అడగ.
ఐదు వందల గంటలు వాళ్లే రాయి మోసి, నీళ్లు పట్టి,
గంటకు నూట ఇరవై కాడికి అరవై వేలు.
చెమటను జమ పక్కన రాసిన పుస్తకం
నా సర్వీసుల ఇదొక్కటే.
మిగిలిన మూడు లక్షల నలభై వేలు ట్రస్టుది.
నెలకు రెండు వేలు, నూట డెబ్బై నెలలు.
మిత్తి అనే గడిల ఉత్త గీత.

ఆ రెండు వేలు బీరువాల నిద్రపోవు.
ఏడు ఇండ్ల కిస్తీలు రెండేండ్లు నడిస్తే
ఎనిమిదో ఇల్లు లేస్తది.
నాలుగు వేలు తక్కువ పడుతయి,
యాడనో అడుక్కుంట.

ఇరవై ఏండ్లు బయటోళ్లకు అమ్మొద్దు, అమ్మితే మాకే అమ్మాలె.
తెల్ల కారుల వచ్చినోడు తొమ్మిది లక్షలిస్తనంటే
ఉసేనమ్మ నవ్వింది,
"నా వెనక లైన్ల నిలబడ్డోళ్ల ఇల్లు గూడ
నా గోడలనే ఉంది బిడ్డా" అంది.

వానకాలంల బీచుపల్లి పరంజా మీదికెళ్లి పడ్డడు.
పెనిమిటి నడుము విరిగిన ఇంట్ల
మూడు నెలలు నా పుస్తకానికి సున్నలే.
పెంటమ్మ ఇల్లు లెంటల్ కాడ ఆగింది.
పైన ఆకాశం, కింద నీళ్లు నిలిచిన గది,
కిరాయి అర్ర ఓనరు ఖాళీ చెయ్యమన్నడు.

కొట్లాటకే వొయ్యింది పెంటమ్మ.
మంచంల మనిషిని జూసి
గడపల నిలబడి ఏమనాల్నో మర్చిపోయింది.
చాయ్ వద్దనింది. తర్వాత తాగింది.
తిరిగొచ్చి నా మీద అరిచింది,
ఎవరి మీదన్న అరవాలె గద.

మర్నాడు ఎవరూ పిలవకుండనే
ఉసేనమ్మ తట్ట పట్టుకొని ఎనిమిదో ఇంటికొచ్చింది.
కిస్తీ బదులు కూలి చెల్లదని రూలు,
కమిటీ రాత్రి పది దాక మాట్లాడింది,
ఏమీ తేలలే.
ఆమె మాత్రం ఇసుక జల్లెడ పడుతనే ఉంది.
నేను పెన్సిలుతో మార్జిన్ల రాసిన,
నలభై ఒక్క గంటలు.
పెన్సిలు గంటలకు సిమెంటు రాదు,
నాకు తెలుసు.
అయినా రాసిన.

దసరా అయిన పదమూడో రోజు స్లాబు పడ్డది.
ఎవరి పైసలతోని అంటే
సగం నా పుస్తకం చెప్తది,
మిగతా సగానికి గడి లేదు.

నేను కిరాయికుంట.
దరఖాస్తు పెట్టిన ఒకపారి.
నా జీతం హద్దు కంటే నాలుగు వందలు ఎక్కువన్నరు.
ఆ హద్దు టైపు చేసింది గూడ నేనే.

తొమ్మిదో పేజీ తిప్పిన ఇయ్యాల.
ఇంటోళ్ల పేరు రాసే కాడ ఖాళీ.
ఈ పుస్తకమంతట్ల నాదంటూ ఉన్నది
దస్తూరి ఒక్కటే.