ఒక చెవి రేడియో

ముప్పై ఒక్క ఏండ్లు ఇంజను నా ఎడమ పక్కనే కూసున్నది.
రేకు బానెట్టు, దాని మీద గోనె పట్టా,
పట్టా మీద టిఫిను డబ్బా,
కింద భగభగ.
రిటైరైన రోజు దండేసి, శాలువ కప్పి పంపిండ్రు.
ఎడమ చెవి మాత్రం ముషీరాబాద్ డిపోలనే ఉండిపోయింది.

షుగరు మూడొందలు దాటినంక
డాక్టరమ్మ చీటీ మీద మందుకంటె ముందు రాసింది:
నలభై నిమిషాలు నడక.
ఊరంతా కూసోనే తిరిగినోన్ని,
నడుసుడంటె ఏం తోస్తది?
ఇందిరా పార్కుల మొదటి వారం
చెట్లను స్టాపులనుకొని లెక్కవెట్టిన.
ఎవ్వరు ఎక్కలే. ఎవ్వరు దిగలే.

ఎర్రగడ్డ ఆదివారం అంగట్ల దొరికింది గీ హెడ్‌సెట్టు.
నెత్తి మీద నల్ల వంపు, చెవి కాడ జానెడు ఏరియలు,
వైరు లేదు, ఫోను లేదు, రేడియో అందులనే.
"ఎడమది పలుకది చాచా, అందుకే నూట ఇరవై" అన్నడు పోరడు.
నాకు నవ్వొచ్చింది.
బేరం గూడ ఆడకుండ పైసలిచ్చిన.
సంబంధం కుదిరినట్టే కుదిరింది.

ఇగ చుట్లు లెక్కవెట్టుడు బంద్.
రెండు పాటలు, ఒక బంగారం దుకాణం, ఇంకో పాట,
బోరు మోటర్ల అడ్వర్టయిజు, గదే ఒక చుట్టు.
రాళ్ల తోట కాడ మలుపు తిరుగంగనే
స్టేషను జారి ఉర్దూ వార్తలు చొరవడ్తయి;
పన్నెండు అడుగుల దాక ఎక్కడనో వాన,
పదమూడో అడుగుకు మల్ల పాట, చరణం సగం పోయి.
ఆ పోయిన సగం నేనే నింపుకుంట పోయేటోన్ని,
మనసులనే అనుకున్న.

మొన్న మంగళారం, కాగితం పూల చెట్టు కాడ
సెల్లు అయిపోయింది.
తియ్యలే.
తీస్తె ఎల్ఐసీ సుదర్శనాచారి పక్కకొచ్చి
తన మోకాలి కథ మొదలు వెడ్తడు.
ఉత్త హెడ్‌సెట్టు నెత్తిన వెట్టుకొని నడిచిన.

అప్పుడు ఇనవడ్డది నా ఊపిరి.
నౌబత్ పహాడ్ మీదికి సెకండ్ గేరుల గుంజే బండి.
కుడి మోకాలు, కమాన్ పట్టీ విరిగిన చప్పుడు.
చప్పుడు ఇని బండి రోగం చెప్పినోన్ని,
గీ బండి చప్పుడు ఎన్నడు ఇనలే.
మెకానిక్కుకు రాసిచ్చే పుస్తకం ఉంటె రాసేటోన్ని:
ఎత్తుల గుంజుతలేదు. దిగేటప్పుడు బ్రేకు ఆలస్యం.

ఎనకనించి ఇద్దరు ఆడోళ్లు దాటుకుంట పోయిండ్రు.
"ఇయ్యాల పాడ్తలేడేంది గీయన?"
"గొంతు పోయిందేమో. రోజూ ఎంత గట్టిగ పాడ్తడు!"
"మెల్లగ."
"ఆయనకేం ఇనవడదు తియ్."

కాళ్లు నిలవడ్డయి.
పాడుతనా? నేనా?
ఏడు నెలలు. పొద్దుగాల ఐదున్నరకు. నిండు పార్కుల.
యోగా చేసేటోళ్లు కండ్లు మూసుకున్న కాడ.
రాళ్ల తోట కాడ ఉర్దూ వార్తలు గూడ చదివిన్నా ఏంది?

మొఖం ఎక్కడ వెట్టుకోవాల్నో తెల్వక
గేటు దిక్కు మర్లిన.
ఆకులు ఊడ్సే బాలనర్సమ్మ చీపురు ఆపింది.
ఎన్నడు మాట్లాడిన మనిషి గాదు.
"ఏం సారూ, రేడియో బందా ఇయ్యాల?"
సెల్లు అయిపోయింది అన్న.
"గా రేడియో గాదు,"
చీపురు మొదలు నేలకు తట్టుకుంట అన్నది,
"నువ్వు మూడు చుట్లేస్తె నాకు గీ దిక్కు అయిపోతది.
ఇయ్యాల ఏడిదాక ఊడ్సిన్నో సమజ్ కాలే."

దోమలగూడ మూల మీద కిరాణం
అప్పుడే షట్టరు లేపుతున్నడు.
రెండు పెన్సిల్ సెల్లులు, ఇరవై నాలుగు రూపాయలు.
ఇంకో చుట్టు బాకీ ఉండె.
మల్ల గేటు లోపలికి వచ్చి మీట తిప్పిన.
పాట రాలే.
బోరు మోటర్ల అడ్వర్టయిజు.

అటు చూసిన, ఇటు చూసిన.
ఇగ గదే అందుకున్న.