విన్న చెవి

తుర్కులో నవంబరు. మూడున్నరకే చీకటి.
నేలమాళిగ గదిలో తూలిక్కి
మైక్రోస్కోపు మీదికి మెడ వంచి కూర్చుంది.
పక్కన కొరికి వదిలేసిన రై రొట్టె.

మామూలు కణానికి ఒక మర్యాద ఉంటుంది.
బయటినుంచి కబురొస్తుంది: ఎదుగు.
ఒంటిమీది చెవి వింటుంది,
మాట లోపలికి అందిస్తుంది.
ఆ వెంటనే పొర గుంటపడుతుంది,
గుంట మూతి ముడుచుకుని సంచవుతుంది,
విన్న చెవిని, కబురుతో సహా,
కణం మింగేస్తుంది.
పుల్లటి కడుపులో
ఆజ్ఞ అరిగిపోతుంది.
ఒకసారి విన్నది చాలు.

ఈ పళ్లెంలోవి వేరు.
నలభై ఆరేళ్ల బస్సు డ్రైవరు
రొమ్ములోంచి తీసినవి.
పచ్చటి చుక్కలు లోపలికి దిగుతాయి, నిజమే.
"వీటిని అరగదీయండి" అనే చీటీ
ఎవరూ అంటించలేదు కాబోలు,
సగం దారిలో వెనక్కి మళ్లుతాయి.
మళ్లీ ఒంటిమీదికి,
మళ్లీ అదే మాటకి:
ఎదుగు ఎదుగు ఎదుగు

చెడ్డమాట కాదది.
ఆమె చిన్నప్పుడు మోకాలు చీరుకుపోతే
మాన్పిందీ ఆ మాటే.

తూలిక్కి రాసుకుంది:
పన్నెండు నిమిషాలు. తిరిగొచ్చినవి ముప్పై ఒకటి.
అరిగినవి నాలుగు.
పెన్సిలు పెట్టేసి ఫోను తీసింది.

అక్క ఏయిలా గొంతు, పద్నాలుగు సెకన్లు:
"నా ఉన్ని గ్లవ్సు నీ దగ్గరుండిపోయాయా?"
మూడో చలికాలం ఇది.
చెరిపెయ్యమని
ఫోను అడుగుతూనే ఉంది, నిండిపోయానని.
ఇంకోసారి వింది.

లేజరు ఆపి, కోటు జేబులోంచి తీసి
గ్లవ్సు తొడుక్కుంది.
వేళ్ల దగ్గర కాస్త వదులు.