బాత్రూం తలుపు మీద కాగితం

ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసి అతికించా:
"ఈ తలుపు తీయొద్దు. లోపల పిల్లులున్నాయి."
పెంచలయ్య చదివి నాలుక కరుచుకున్నాడు.
"పిల్లులని తెలిస్తే మెట్టు గూడా ఎక్కరమ్మా,
పైపు పగిలిందని రాయి."

పైపు పగిలిన ఇల్లు అమ్ముడుపోతుందట.
నేను కాగితం మార్చలేదు.

స్టోన్‌హౌస్‌పేట, మూడో అంతస్తు,
రెండు పడగ్గదులు, తూర్పు వాకిలి.
ముత్తుకూరు పక్క మా రొయ్యల గుంటలకి తెల్లమచ్చ తగిలి
వారంలో అంతా తెల్లారిపోయింది.
మేత షాపు బాకీ నడుచుకుంటూ ఇంటిదాకా వచ్చింది.
గుంటల దగ్గర్నుంచి మాకు మిగిలింది
మేత సంచీలో వచ్చిన ఈ రెండే,
నల్లగా జీడి, చుక్కలు చుక్కలుగా గవ్వ.
పుట్టాక అవి నేల తొక్కింది ఆ ఒక్క వారమే.

ఆదివారాలు గిరాకీలు వస్తారు.
పొద్దున్నే ఇల్లంతా ఫినాయిలు.
సోఫా మీది బొచ్చు తడిచేత్తో తీసి,
ఇసుక తొట్టి బకెట్ల వెనక దాచి,
గీజరు ఆపి, యాసిడ్ సీసా పైకెత్తి,
నా వాసన ఉంటుందని పాత నైటీ నేల మీద పరుస్తా.
జీడి తనే నడిచొస్తుంది. గవ్వని ఎత్తుకురావాలి.
గడియ వేసి మళ్లీ ఒకసారి లాగి చూస్తా,
గ్యాసు కట్టేశామా అని రైలెక్కాక గుర్తొచ్చిన మనిషిలాగా.

వచ్చినవాళ్లు గోడలు తట్టి చూస్తారు.
ఒకాయన దిక్సూచి తెచ్చాడు.
ఒకావిడ పంపు కింద దోసిలి పట్టి
"పెన్నా నీళ్లేనా?" అంది.
బాల్కనీ వల చూసి అందరిదీ ఒకటే మాట,
"పావురాలకా?"
ఔనంటా.
లోపల్నుంచి గవ్వ ఒక్క అరుపు.
"పక్కింటి పసిబిడ్డ," అంటాడు పెంచలయ్య
నా వైపు చూడకుండా.

నాలుగో ఆదివారం కొడవలూరువాళ్లు, రెండోసారి.
గోడ మీద పిల్లులని పెంచలయ్యే అన్నాడు వాళ్లని,
అని నన్ను చూసి నవ్వాడు.
వాళ్ల పిల్లాడికి చదవడం అప్పుడప్పుడే వస్తోంది.
కాగితం ముందు నిలబడి కూడబలుక్కుంటూ
రెండో వాక్యం దాకా వచ్చాడు.
గడియ తీశాడు.

నేను పోయేసరికి నైటీ మీద జీడి ఒక్కతే.
వీధి తలుపు బార్లా.

హాల్లో మా ఆయన అడ్వాన్సు సంగతి మాట్లాడుతున్నాడు.
నేను మెట్లు దిగుతున్నా
ఎండు మెత్తళ్ల డబ్బా ఆడిస్తూ,
చెప్పుల స్టాండ్ల వెనక, బైకుల కింద,
జనరేటరు కింద మోకాళ్ల మీద.
రోడ్డు మీద బియ్యం లారీ రివర్సు వస్తోంది.
దాని హారను నా కడుపులో మోగింది.
పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని మా జేజి అనేది.
ఏ ఇంటి దగ్గరా నోట్లోంచి జారనివ్వదని మాత్రం చెప్పలేదు.

గంటన్నర.
పైకొస్తే వాళ్లు వెళ్లిపోయారు.
టీపాయ్ మీద యాభై వేలు,
గాలికి ఎగరకుండా పైన మా ఆయన చెయ్యి.
"ఒప్పుకున్నారు," అన్నాడు.
నా మోకాళ్ల మట్టి చూసి ఇంకేం అనలేదు.

అప్పుడు వాషింగ్ మెషీన్ వెనక, పైపుల సందులోంచి
బూజు పట్టిన మీసం ఒకటి బయటికొచ్చింది.
ఇల్లు దాటనేలేదు అది.
దాటింది నేనే.

ఆ రాత్రి గవ్వ ఎప్పట్లాగే
ప్రతి గుమ్మానికీ చెంప రాసుకుంటూ తిరిగింది,
ఇది నాది, ఇదీ నాది.
మా ఆయన కాళ్లు ముడుచుకుని దారిచ్చాడు.

అగ్రిమెంటులో రాశారు:
ఫ్యాన్లు అయిదు, ట్యూబులైట్లు ఏడు,
బాల్కనీ వల ఒకటి, ఇంటితోపాటే.

వేదాయపాళెంలో అద్దెకి దొరికింది, రెండో అంతస్తు.
పిల్లులున్నాయని ఓనరమ్మకి ముందే చెప్పా.
"ఎన్ని?" అంది.
ఒకటన్నా.
కిటికీలకి వల లేదు. టేపు మర్చిపోయా.
చున్నీతో కొలిచి
పొడుగుకొక ముడి, వెడల్పుకొక ముడి వేసుకొచ్చా.
ట్రంకు రోడ్డు హార్డువేరు షాపులో కుర్రాడు
సాపు చేద్దామని ముడి మీద చెయ్యేశాడు.
"విప్పబాకయ్యా," అన్నా,
వాడు ఉలిక్కిపడేంత గట్టిగా.