ఐదు ఆటల ఏడాది

మార్చి. ఈరీ సరస్సు మీద మంచు ఇంకా విరగలేదు.
స్టేడియం అడుగు గదిలో నా కుట్టుమిషను,
గోడ పొడుగునా జెర్సీలు, వాటి వీపుల మీద పేర్లు.
పేరు కుట్టడానికి ఇరవై నిమిషాలు,
విప్పడానికి నాలుగు.

ఇది విప్పే వారం.
బుధవారం సాయంత్రం నాలుగు కొట్టేసరికి
గడువు తీరిన కాంట్రాక్టులన్నీ ఒక్క గుక్కలో చస్తాయి.
అంతదాకా మనవాడు,
నాలుగూ ఒకటికి ఎవరివాడైనా కావచ్చు.

ఫుయిమావోనో జెర్సీ మాత్రం ముట్టుకోవద్దన్నారు.
ఎనిమిది అక్షరాలు, ఈ భుజం నుంచి ఆ భుజం దాకా.
ఎదుటివాళ్లని గుండెతో ఆపే లైన్‌మన్,
బంతి అతని చేతికి రాదు.
టీవీలో అతని పేరు వినపడిందంటే
ఏదో తప్పు చేశాడన్నమాటే.

నాలుగేళ్లు ఆడినవాడు ఇష్టమొచ్చిన చోటికి పోవచ్చు.
యజమానులూ ఆటగాళ్ల యూనియనూ
రాత్రుళ్లు కూర్చుని రాసుకున్న
దిండంత ఒప్పందంలో ఉంది ఆ మాట.
ఏడాదంటే ఏమిటో కూడా అందులోనే ఉంది:
ఆరు ఆటలు.

రెండో సీజన్లో మలాకాయ్ ఐదు ఆటలున్నాడు.
ఆరోదానికి ముందు మంగళవారం పిలిచి
లాకరు ఖాళీ చెయ్యమన్నారు.
మళ్లీ ఏడు మళ్లీ పిలిచారు. వచ్చాడు.
మోకాలి లెక్కకి నాలుగేళ్లు,
కాగితం లెక్కకి మూడు.

నాకు తెలుసు ఈ లెక్క.
మా లాండ్రీ యూనియన్ పింఛనులో
వెయ్యి గంటలైతేనే ఒక ఏడాది.
మా ఆయన ఆస్పత్రిలో ఉన్న ఏడు
నావి తొమ్మిదొందల ఎనభై నాలుగు.
"హలీనా, రూలు నేను రాయలేదుగా" అంది ఆఫీసులో పిల్ల.
నిజమే. చెయ్యెత్తి ఓటేసినవాళ్లలో నేనూ ఉన్నాను.

మూడేళ్లవాడిది సగం తలుపు.
వేరే ఊరు ధర చెప్పొచ్చు,
అతను సంతకమూ పెట్టొచ్చు,
అయినా పాత జట్టుకి ఐదు రోజుల గడువు:
అంతే మేమూ ఇస్తాం అంటే చాలు, తలుపు మూసుకుంటుంది.

పెట్టాడు సంతకం. దక్షిణాన ఎండ కాసే ఊరట.
కూతురు టాలియాకి ఈ చలిగాలి పడదు,
రాత్రి మూడింటికి లేచి కూర్చుంటుందట, దగ్గుతూ.
ఇదంతా నాకు అతను చెప్పలేదు,
బూట్లకి లేసులు మార్చేవాడు చెప్పాడు.

మూడో రాత్రి ఎవరూ లేనప్పుడు
మొదటి అక్షరం మూల ఒక కుట్టు కోశాను.
ఎందుకో. నా చెయ్యి నా మాట వినలేదు.

ఐదో రోజు, మూడూ నలభైకి, పైనుంచి ఫోను:
"ఆ పేరు అలాగే ఉంచు."

డబ్బుకి లోటు లేదు, పైసాతో సహా అంతే.
చెక్కు మీద ఊరు మాత్రం ఇదే.

సాయంత్రం తనే కిందికి వచ్చాడు,
గుమ్మంలో తల వంచి, పక్కకి తిరిగి.
జెర్సీ అందుకుని వీపు వైపు తిప్పాడు.
వేలాడుతున్న దారం కొస చూశాడు.
నా వైపూ చూశాడు.
దాన్ని వేలికి రెండు చుట్లు చుట్టుకున్నాడు,
లాగలేదు.