అన్‌ఫిట్

షార్జా, ఇండస్ట్రియల్ ఏరియా పదమూడు.
టైర్ల దుకాణం ఎనుక ఒక పాత కంటైనర్ లోపట
గురువారం రాత్రి పదింటికి మా బ్యాండు పుట్టింది.
పేరు ఇంక పెట్టలేదు.

నేను డేటా సెంటర్ల ఏసీలు చూస్త.
ఆ డబ్బాలకు పద్దెనిమిది డిగ్రీలు దాటొద్దు,
దాటితే నా జీతంల కోత.
మా రూముల ఎనిమిది మందికి ఒక్కటే ఏసీ,
మే నెల నుంచి అది చెమటలు కారుస్తున్నది, మా లెక్కనే.

ఒకనాడు ఇంజినీరు చాయ్ ఊదుకుంట అన్నడు:
"ముందుముందు మనుషులు ఈ డబ్బాలల్లనే బతుకుతరు.
మెమరీ కార్డుకు పాట ఎక్కించినట్టు
పానం ఎక్కిస్తరు. ఇగ సావు లేదు."
ఫిల్టర్ దులుపుకుంట అనుకున్న:
అయితే
అమరులకు సల్లగాలి పెట్టేటోణ్ని నేనే.

నజీరుకు చెప్పిన.
జనరేటర్ల నడుమ పదకొండేండ్లు పనిచేసినోడు,
ఎడమ చెవి వాటికే ఇచ్చిండు.
చెవి మిషను చూపెట్టి "నేను సగం ఎక్కే ఉన్న" అన్నడు.
మళ్ల ఆలోచించి అడిగిండు:
"పానం మిషన్లకెక్కితే దానికి కఫీల్ ఎవరు?
ఎన్నేండ్లకోసారి రెన్యువల్?"
నవ్వినం. నవ్వులకు చెవి మిషను కీసుమన్నది.
మా మొదటి సోలో అదే.

లింబాద్రి కుడిచేతి రెండు వేళ్లు
రేకుల ప్రెస్ మిషను కింద ఉండిపోయినయి.
కంపెనీ కాయితం మీద ఒక్క ముక్క రాసిచ్చింది.
ఇప్పుడు టైర్లకు కావలి. కంటైనర్ తాళంచెయ్యి ఆయనదే.
ఫిలిప్పీన్ రూమ్మేటు నేర్పిన గిటారు
మూడేండ్లుగ మంచం కింద పడుకున్నది.

ఎస్తేరు ముమ్మిడివరం మనిషి.
అల్ ఖాసిమియాల ఒక ముసలి మామాను చూసుకుంటది.
గుండె పరీక్షకు అంటించే బిళ్లలు సంచిల తెచ్చింది.
లింబాద్రి ముంజేతికి అంటించి, వైర్లు స్పీకరుకు కలిపి,
"ఇప్పుడు ఆ లేని వేలు కదపండి" అన్నది.

లింబాద్రి కండ్లు మూసుకున్నడు.
చెయ్యి కదల్లేదు.
స్పీకరు గుర్రుమన్నది.
మళ్ల కదిపిండు. రేకు గోడ అదిరింది,
గోడకు వేలాడే స్పానర్లు ఒకదాన్నొకటి తాకినయి.
"నొప్పి పెడుతున్నదా?" అడిగిన.
"లేదు," అన్నడు, "దురద పెడుతున్నది.
మూడేండ్లాయె, గోకుదామంటే దొరకలే. ఇప్పుడు దొరికింది."

బయట ఏసీ యూనిట్లు రాత్రంత ఒకే స్వరం మీద మూలుగుతయి.
శ్రుతి అదే. మేం మార్చలేం.
తాళానికి డ్రమ్ములు కొనే పైసల్లేవు.
ఎస్తేరు ఫోను తీసింది:
మామా ఆక్సిజన్ మిషను ఊపిరి.
బుస్… టక్. బుస్… టక్.
సిరిసిల్లల మా నాయిన సాంచె గుర్తొచ్చింది,
దానికి గూడ దారం తెగితేనే విరామం.

ఆగస్టుల మామా పోయింది.
మిషన్ను ఇంకో ఇంటికి కిరాయికి పంపిండ్రట.
ఆ గురువారం ఎవరం వైర్లు ముట్టలేదు.
"అది తీసేద్దాం, మంచిది కాదు" అన్నడు నజీరు.
"ఉంచండి," అన్నది ఎస్తేరు.
"రాత్రి మూడింటికి మంచినీళ్లకి లేపేవారావిడ.
ఇప్పుడూ మెలకువొచ్చేస్తందండి.
ఎవరికివ్వను నీళ్లు?"

లింబాద్రి సుద్దముక్క పట్టుకున్నడు మూడు వేళ్లతోని.
కంటైనర్ తలుపు మీద
కంపెనీ రాసిచ్చిన ఆ ఒక్క ముక్కే రాసిండు.
'ఫి' కొంచెం వంకర పోయింది.

వాయించినం.
చచ్చిపోయినామె ఊపిరి, లేని వేలు,
వినపడని చెవి, నా స్క్రూడ్రైవరు తీగె మీద.
పాటో కాదో తెల్వది.

ఎవరో తలుపు గుద్దిండ్రు.
పక్క షెడ్డు పఠాన్, చేతిల టూల్ డబ్బా.
"ఇంజన్ ఖరాబైనట్టుంది,
నేనొకసారి చూడనా?"

చూసిండు మమ్మల్ని, వైర్లను, ఆ చేతిని.
డబ్బా కింద పెట్టి
టైరు మీద కూసున్నడు.
పోలే.