తరుగు

మిర్చి యార్డులో కాటా గుమస్తాని.
బస్తా ఎక్కుతుంది. ఎర్ర అంకెలు తడబడి
ఒకచోట నిలబడతాయి.
గోనెకింత, తేమకింత తరుగు తీసి
మిగిలింది పట్టీ మీద రాస్తాను.
పన్నెండేళ్ళుగా ఇదే పని.

జెరూషాకి నాలుగేళ్ళు నిండి రెండు నెలలు.
ఎవరూ నేర్పలేదు.
ఒక రాత్రి నా జేబులోంచి పట్టీ లాగి
"ఇక్కడ తప్పు కూడావు నాన్నా" అంది.
మళ్ళీ కూడాను. తప్పే.
నవ్వాలో భయపడాలో తెలియక
దాని దోసిట్లో ఇన్ని మరమరాలు పోశాను.

షంషాద్ టీచర్ పిలిచి చెప్పింది:
"మిగతా పిల్లలు రంగులేస్తుంటే
మీ పాప క్యాలెండర్ ముందు నిలబడి
అందరి పుట్టినరోజులూ ఏ వారమో చెబుతోంది.
బ్రాడీపేటలో ఒక మేడం ఉన్నారు,
పరీక్ష పెట్టి చెబుతారు, ఎంత తెలివో."
"ఎంత" దగ్గర నేను ఆగిపోయాను.

సువార్త ఆగలేదు.
"చూపిద్దాం. ఏముందో తెలిస్తేనే కదా
ఏం పెట్టాలో తెలిసేది.
ఎనిమిదిలో లెక్కలకి నేనే ఫస్టు.
ఎవరూ కొలవలేదు. పత్తితీతకి పంపారు."

దానికి నా దగ్గర జవాబు లేదు.
ఇంటి దగ్గర తూచుకోకుండా వచ్చిన రైతు
యార్డులో ఎట్లా మునుగుతాడో
నాకంటే తెలిసినవాడెవడు?

కానీ ఇదీ తెలుసు:
తూకం పడ్డాక దాన్ని ఎవరూ మిరపకాయలనరు.
హమాలీ అంకెని మోస్తాడు,
కోల్డ్ స్టోరేజీ చీకట్లో
ఏడాదంతా అంకే పడుకుంటుంది.

మరి దీనికి తరుగు ఏం తీస్తారు?
గోడ మీది బల్లికి గుడ్‌నైట్ చెప్పందే
నిద్రపోకపోవడమా?
మిక్సీ చప్పుడుకి మంచం కింద దూరడమా?

మా సందు మొగలో హోర్డింగు,
దాన్నిండా పాస్‌పోర్టు ఫోటోలంత పిల్లలు,
ఒక్కొక్కరి గడ్డం కింద ఒక ర్యాంకు.
అంకెలన్నీ చదివి అడిగింది జెరూషా:
"వీళ్ళకి పేర్లు పెట్టలేదా?"

శనివారం బండి మీద ముగ్గురం వెళ్ళాం.
దారిపొడుగునా బోర్డులు చదువుతూనే ఉంది:
నాలుగో లైను, మూడో లైను, రెండో లైను.
"ఒకటికి ముందు ఏముంది నాన్నా?
సున్నా లైను ఎక్కడ?"
బత్తాయి బండాయన్ని నిజంగానే అడిగాను.
"రైలుకట్టేనేమో" అన్నాడు, తూకంరాళ్ళు సర్దుకుంటూ.

క్లినిక్ మెట్ల దగ్గర నేను చెప్పులు విడుస్తున్నాను.
ఇంకా ఇరవై నిమిషాలుంది.
"పద, ముందు అది చూపించొద్దాం" అంది,
సువార్తే.

గూడ్సు పోతోంది.
దాన్ని చంకనెత్తుకున్నాను.
ఎత్తగానే కిలోలు చెప్పే చెయ్యి నాది,
ఆ పూట ఏమీ చెప్పలేదు.
పెట్టెలు లెక్కపెడుతూ ముప్పై తొమ్మిది దాకా వచ్చి
నా చొక్కాలో మిర్చి ఘాటుకి తుమ్మింది.
లెక్క తప్పింది.
తప్పినందుకు పగలబడి నవ్వి
మళ్ళీ మొదలుపెట్టకుండా చెయ్యి ఊపింది.
చివరి పెట్టెలోంచి గార్డు పచ్చజెండా ఊపాడు.

పది యాభై ఎనిమిది.
టీచర్ రాసిన చీటీ నా జేబులోనే ఉంది.
కొంగుతో దాని ముక్కు తుడిచి
"వెళ్దామా" అంది సువార్త.
ఎటో చెప్పలేదు.
నేనూ అడగలేదు.